విధాన విభాగంలో చేరిన శిష్యురాలికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. పదకొండేళ్లు వార్డుల్లోనూ, లేబర్ రూమ్‌లోనూ పని చేసిన నువ్వు నర్సింగ్, మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే పని) వృత్తులను నియంత్రించే సంస్థలో విధాన విభాగానికి మారావని తెలిసి ఎంతో సంతోషించాను. మొదటి నెలలో ఏం చదవాలో, మొదటి నోట్ ఎలా రాయాలో చెప్పమన్నావు. బోధన నుంచి ఒక రాష్ట్ర కౌన్సిల్‌కు వెళ్లి, పదవీ విరమణ దాకా అక్కడ ఇదే పని చేశాను కనుక, నాకు తెలిసినంత వరకు వివరంగానే రాస్తున్నాను.

నువ్వు చేరిన సంస్థ నర్సుల సంఘం కాదు, వైద్య ఆరోగ్య శాఖా కాదు. ఇది మొదట మనసుకు పట్టించుకోవలసిన విషయం. కౌంటర్ దగ్గరికి వచ్చే నర్సులు జీతం గురించీ, బదిలీ గురించీ, నలభై మంది పేషెంట్లకు ఒక్కరే నైట్ డ్యూటీ చేయవలసి రావడం గురించీ చెప్పుకుంటారు. ఆ డ్యూటీలు నువ్వూ చేశావు కనుక నీ గుండె మండుతుంది. ప్రైవేటు ఆసుపత్రి నర్సుల జీతాల సంగతి 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, కేంద్రం నిపుణుల కమిటీని వేసి, యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసినప్పుడు మాకూ సంతోషం కలిగింది. అయినా ఆ సిఫారసును అమలు చేయవలసినవి ప్రభుత్వాలు. రిజిస్టరును కాపాడే సంస్థ పని వేరు. మంచం మీద ఉన్న పేషెంటు, తనను ముట్టుకుంటున్న చేతికి ఆ పని వచ్చునో రాదో పరీక్షించి తెలుసుకునే స్థితిలో ఉండదు. ఆ పరీక్షను ఆమె తరఫున ముందుగానే చేసి, ఫలితాన్ని రాసి ఉంచిన పుస్తకమే మన రిజిస్టరు. నువ్వు రాసే ప్రతి ముసాయిదానూ ఆ పేషెంటు వైపు నుంచి ఒకసారి చదివి చూడు.

ఇక చదవవలసిన వాటిలో చట్టానిదే మొదటి స్థానం, వ్యాఖ్యానాలూ నివేదికలూ ఆ తరువాతే. మన ప్రాంతంలో ఈ నియంత్రణకు మూలం 1926 నాటి మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టంలో ఉంది. దేశమంతటికీ ఒకే ప్రమాణం కోసం 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2023 ఆగస్టులో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. చదువు సంగతి చూసే బోర్డు ఒకటి, సంస్థలను తనిఖీ చేసి శ్రేణి ఇచ్చే బోర్డు ఒకటి, నైతిక ప్రవర్తననూ రిజిస్ట్రేషన్‌నూ చూసే బోర్డు ఒకటి చొప్పున మూడింటిని విడదీయడం, రాష్ట్రాల్లో కమిషన్లు ఏర్పాటు చేయమనడం, దేశమంతటికీ ఒకే రిజిస్టరు పెట్టమనడం అందులోని ముఖ్యమైన మార్పులు. పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి మారే కాలంలో పని చేస్తున్న నువ్వు, ఎవరూ చదవని రద్దు, మినహాయింపుల సెక్షన్లను అందరికన్నా శ్రద్ధగా చదవాలి. ఏ పాత నిబంధన ఇంకా బతికి ఉంది, ఏది పోయింది అన్న ప్రశ్న నీ బల్ల మీదికి వారానికి ఒకసారైనా వస్తుంది.

చట్టాన్ని ఇంత గట్టిగా చదవమనడానికి కారణం ఉంది. 2017లో కర్ణాటక హైకోర్టు, 1947 చట్టం అర్హతలను గుర్తించే అధికారాన్ని ఇచ్చిందే తప్ప కాలేజీలను గుర్తించే అధికారాన్ని కౌన్సిల్‌కు ఇవ్వలేదని తీర్పు చెప్పింది. పిల్లను చేర్పించే ముందు ఆ కాలేజీకి ఐఎన్‌సీ (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్) గుర్తింపు ఉందా అని అడగడం మన తల్లిదండ్రులకు ఏళ్ల తరబడి అలవాటు. ఆ అలవాటుకు ఆధారమైన అధికారమే చట్టంలో లేదని తేలినప్పుడు ఎంత గందరగోళం పుట్టిందో నాకు గుర్తుంది. ఉద్దేశం ఎంత మంచిదైనా అధికారం లేని చోట రాసిన వాక్యం కోర్టు మెట్ల మీద నిలబడదు. మేము కూడా ఒకసారి, గెజిట్‌లో రావలసిన నిబంధనను తొందరలో సర్క్యులర్‌గా పంపేశాము. ఒక యాజమాన్యం కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది, మధ్యలో ఇరుక్కున్న పిల్లలు పరీక్ష రాయలేక చాలా నెలలు పోగొట్టుకున్నారు. ఆ సర్క్యులర్ ముసాయిదా రాసినది నేనే. అప్పటినుంచి ప్రతి నోట్ మొదటి పేరాలోనే, ఈ నిబంధన చేయడానికి మనకు ఏ సెక్షన్ అధికారం ఇస్తుందో, అది గెజిట్ నిబంధనగా రావాలో, మార్గదర్శకంగా సరిపోతుందో రాసిన తరువాతే కిందికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. నువ్వూ అలాగే చేయి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమని నేను అనుకునే మాటకు వస్తున్నాను. కాగితం మీద తీర్చగలిగిన నిబంధనను జనం కాగితం మీదే తీరుస్తారు. ఇది నాకు ఒక ఇన్‌స్పెక్షన్‌లో తెలిసింది.

మా చదువుల కాలం నాటి సిలబస్ ప్రకారం ప్రతి విద్యార్థినీ ఇరవై సాధారణ కాన్పులు స్వయంగా చేసి, వాటిని కేస్ బుక్‌లో రాసి సంతకాలు చేయించుకోవాలి. నేను వెళ్లిన కాలేజీలో ఫైనలియర్ అమ్మాయిల కేస్ బుక్కులన్నీ బ్రౌన్ అట్టలతో, ఎర్ర గీతలతో, ఎక్కడా కొట్టివేతలు లేకుండా బల్ల మీద దొంతరలుగా పెట్టి ఉన్నాయి. మొదట ముచ్చటేసింది. ఒక పుస్తకం తీసి తిరగేశాను, తరువాత ఇంకొకటి తీశాను. అన్ని కాన్పుల్లోనూ మూడో దశ, అంటే బిడ్డ పుట్టాక మాయ పడేదాకా పట్టే కాలం, సరిగ్గా పది నిమిషాలే పట్టింది. బిడ్డలందరూ రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములకు అటూ ఇటూగా పుట్టారు. ఒకే తల్లి ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) నాలుగు పుస్తకాల్లో ఉంది. అనుబంధ ఆసుపత్రి లేబర్ రూమ్ రిజిస్టరు తెప్పించి పక్కన పెట్టి లెక్క కడితే, ఆ ఏడాది అక్కడ జరిగిన కాన్పులన్నీ కలిపినా తరగతిలో సగం మందికి కూడా సరిపోవు.

ఒక అమ్మాయిని స్కిల్ ల్యాబ్‌లోకి తీసుకువెళ్లి, బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు తల్లికి చిరగకుండా చెయ్యి ఎక్కడ ఆనించాలో బొమ్మ మీద చూపించమన్నాను. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కాసేపటికి, “మేడం, నేను మూడు చూశాను, ఒక్కటీ పట్టలేదు,” అని నేల చూపులు చూస్తూ చెప్పింది. ఆ పుస్తకంలో ఇరవై ఉన్నాయి, ఇరవైకీ సంతకాలు ఉన్నాయి.

ఆ రాత్రి నాకు కాలేజీ మీద కోపం వచ్చిన మాట నిజమే కానీ, తెల్లవారాక ఆలోచిస్తే తప్పు మా నిబంధనలో కూడా ఉందని తెలిసింది. మేము అడిగింది పుస్తకంలో అంకె. సీట్ల సంఖ్యను పడకలకు ముడి పెట్టాము కానీ, ఆ పడకల మీద ఏడాదికి ఎన్ని కాన్పులు జరుగుతున్నాయో చూడలేదు. తరువాత మేము రాసిన ముసాయిదాలో, మిడ్‌వైఫరీ శిక్షణకు పంపే విద్యార్థినుల సంఖ్య గత సంవత్సరపు కాన్పుల రిజిస్టరును బట్టి తేలాలనీ, ప్రతి నమోదుకూ ఐపీ నంబరుతో పాటు ఆ పూట డ్యూటీలో ఉన్న సిస్టర్ సంతకం ఉండాలనీ, తనిఖీకి వెళ్లినవారు ఏవో పది నమోదులను ఏరి లేబర్ రూమ్ రిజిస్టరుతో సరిచూడాలనీ పెట్టాము. ఒక అమ్మాయి చేతుల్లోకి పని వచ్చిందని నమ్మడానికి అంకె చాలదు కనుక, బొమ్మ మీదా, ఆపైన తల్లి దగ్గరా చేయించి చూసే పరీక్ష కూడా జత చేశాము. అందరూ ఒప్పుకోలేదు. సీట్లు తగ్గుతాయన్న భయంతో యాజమాన్యాలు అభ్యంతరం చెప్పాయి. కొన్ని వాక్యాలు పలచబడ్డాయి, కానీ రిజిస్టరుతో సరిచూడాలన్న వాక్యం మాత్రం నిలిచింది, నాకు అంతవరకు తృప్తి.

అందుచేత నువ్వు ఏ నిబంధన రాసినా, దాన్ని నిజంగా పాటించడం కన్నా పాటించినట్టు చూపడం సులువుగా ఉందా అని నిన్ను నువ్వు ప్రశ్నించుకో. సులువుగా ఉంటే తిరిగి రాయి.

ఒక వాక్యం తీసేయడం కూడా విధానమేనని మరిచిపోకూడదు. దీనికి మన దేశ చరిత్రలోనే బాధాకరమైన ఉదాహరణ ఉంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, ఒక్కో జబ్బుకు ఒక్కో కార్యకర్త బదులు అన్ని పనులూ చేసే బహుళార్థ ఆరోగ్య కార్యకర్త ఉండాలని సిఫారసు చేసింది. ఆలోచన సబబైనదే. దానికి తగ్గట్టు 1977లో ఏఎన్ఎం (సహాయక నర్సు, మిడ్‌వైఫ్) శిక్షణను ఇరవై నాలుగు నెలల నుంచి పద్దెనిమిది నెలలకు కుదించారు, అందులో మిడ్‌వైఫరీకి ఉన్న కాలమూ తగ్గిపోయింది. పల్లెలో పురుడు పోసే నర్సమ్మ క్రమంగా టీకాల మనిషిగా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యాలు మోసే మనిషిగా మారింది. చదువు నుంచి తీసేసిన నెలల్లో ఉన్న పనిని ఇకమీద ఎవరు చేస్తారు అన్న ప్రశ్నకు సమాధానం లేకుండానే ఆ మార్పు సాగిపోయింది. దాని ఫలితం ఆ ఏడాదే కనిపించి ఉంటే ఎవరైనా ఆపేవారు. పాత తరం ఏఎన్ఎంలు పదవీ విరమణ చేసేదాకా వారి చేతుల్లోని నైపుణ్యం లోటును కప్పి ఉంచింది. శిక్షణ కాలం మళ్లీ రెండేళ్లు కావడానికి దశాబ్దాలు పట్టింది. పాఠ్య ప్రణాళిక నుంచి గంటలు తగ్గించే ఫైలు నీ దగ్గరికి వచ్చినప్పుడు, ఆ గంటల్లో నేర్చుకునే పని ఏదో పేరు పెట్టి రాసి, అది ఇకమీద ఎవరి బాధ్యతో అదే పేజీలో రాయించు.

మిడ్‌వైఫరీ గురించి నువ్వు ప్రత్యేకంగా అడిగావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం ఉన్నాయి. ఈ అంకెలు ఎదురుగా ఉండగా, సాధారణ కాన్పును ఓపికగా నడిపించే మనుషుల అవసరం గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో మొదటి బృందానికి వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చి, నర్సింగ్ చదివినవారికి పద్దెనిమిది నెలల అదనపు శిక్షణను నిర్దేశించింది. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య కోరే కనీస కాలం కూడా అదే. శిక్షణ వరకు దారి ఏర్పడింది. నియంత్రణ సంస్థ చేయవలసిన పని దాని తరువాత మొదలవుతుంది.

ఆ పనిలో మొదటిది మాటకు అర్థం నిర్ణయించడం. మన దగ్గర జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసిన ప్రతి ఒక్కరి సర్టిఫికెట్ మీదా రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని ఉంటుంది. ఏఎన్ఎం పేరులోనూ ఆ మాట ఉంది. పద్దెనిమిది నెలలు అదనంగా చదివినవారినీ మిడ్‌వైఫ్ అనే అంటున్నాము. ముగ్గురి చేతుల్లోని నైపుణ్యమూ ఒకటి కాదు, కానీ జీవోలోనో నిబంధనలోనో “మిడ్‌వైఫ్ ఈ పని చేయవచ్చు” అని ఒక్క వాక్యం రాస్తే అది ముగ్గురికీ వర్తిస్తుంది. రిజిస్టరులో ఎవరి నమోదు ఎక్కడ, ఎవరు ఏ పని స్వతంత్రంగా చేయవచ్చు, ఏ లక్షణం కనిపించిన క్షణాన డాక్టరును పిలిచి తీరాలి, పిలిచినా రాకపోతే కేస్ షీట్‌లో ఏం రాయాలి అన్నవి విడివిడిగా నిర్ణయించకపోతే, ఏదైనా అనర్థం జరిగినప్పుడు నింద అందరికన్నా జూనియర్ అయిన అమ్మాయి నెత్తిన పడుతుంది. ఇక్కడ ఎంత సమయం పట్టినా తొందరపడవద్దు. ప్రసూతి వైద్యులను ఈ చర్చకు దూరం పెట్టవద్దు. వారిలో సందేహాలున్నవారినే ముందు పిలువు, ఎందుకంటే వారు చెప్పే అత్యవసర సందర్భాలే నీ ముసాయిదాలో ఖాళీలను చూపిస్తాయి.

అభిప్రాయ సేకరణ గురించి. చట్టాల తయారీలో ముందస్తు సంప్రదింపులకు కేంద్రం 2014లో విధానం పెట్టి, ముసాయిదాను కనీసం ముప్ఫై రోజులు ప్రజల ముందు ఉంచమంది. మన సంస్థలు సాధారణంగా ఇంగ్లీషు ముసాయిదాను వెబ్‌సైట్‌లో పెట్టి, ముప్ఫై రోజులు లెక్కపెట్టి, వచ్చిన ఉత్తరాలను ఫైలులో కడతాయి. ఆ ఉత్తరాలు రాసేది కాలేజీ యాజమాన్యాలూ, ప్రిన్సిపాళ్లూ, సంఘాల నాయకులూ. వారు చెప్పేదీ వినాలి. కానీ పాడేరు కొండల్లో సబ్ సెంటర్ నడిపే ఏఎన్ఎం, పీహెచ్‌సీలో రాత్రి ఒంటరిగా ఉండే స్టాఫ్ నర్సు, మొన్ననే కాన్పయిన తల్లి ఆ ఫైలులో ఎక్కడా ఉండరు. వారి దగ్గరికి నువ్వే వెళ్లాలి. వెళ్లి, “ఈ నిబంధనతో మీరు ఏకీభవిస్తారా” అని అడిగితే అందరూ అవుననే అంటారు. అలా అడగకుండా, “పోయిన నెలలో రాత్రి పూట కష్టమైన కాన్పు వస్తే ఏం చేశారు, మొదట ఎవరికి ఫోన్ చేశారు, 108 ఎంతసేపటికి వచ్చింది” అని అడుగు. ఓపీ అయిపోయాక, టీ తాగే వేళ, నోట్ పుస్తకం మూసి పెట్టి విను. ముసాయిదాను ముందుగా సరళమైన తెలుగులో రాసి చూడమని కూడా నా సలహా. తెలుగులో చెప్పలేకపోయిన వాక్యానికి ఇంగ్లీషులో కూడా స్పష్టమైన అర్థం లేదని నేను చాలాసార్లు గమనించాను.

విదేశీ నమూనాల విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. మన తెలుగు అమ్మాయిలు బ్రిటన్‌లో పని చేస్తూ అక్కడి పద్ధతులు రాస్తుంటారు కనుక నీకూ ఆసక్తి కలుగుతుంది. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2016 నుంచి రిజిస్ట్రేషన్ నిలుపుకోవడానికి మూడేళ్లకోసారి పునర్ధ్రువీకరణ అడుగుతోంది. ముప్ఫై అయిదు గంటల చదువుతో పాటు, తమ పని గురించి తాము ఆలోచించి రాసిన అయిదు అనుభవాలు, వాటి మీద మరొక రిజిస్టర్డ్ నర్సుతోనో మిడ్‌వైఫ్‌తోనో చర్చ ఉండాలి. మన దగ్గర అయిదేళ్లకు నూట యాభై గంటల నిరంతర విద్య అంటున్నాము. మన గంటలు ఎక్కువే అయినా, హాలులో కూర్చున్న గంటలను లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోతున్నాము. అక్కడి నుంచి ఆ ఆలోచన తీసుకోవచ్చు, ఫారాలను మాత్రం యథాతథంగా తెచ్చుకోవద్దు. ఒక్కరే నైట్ డ్యూటీ చేసే చోట అయిదు వ్యాసాలు రాయమంటే, అవి కూడా ఆ కేస్ బుక్కుల్లాగే తయారవుతాయి.

వారు దిద్దుకున్న తప్పు నుంచి కూడా నేర్చుకోవాలి. మిడ్‌వైఫ్‌లకు అండగా ఉండే సూపర్వైజరే వారి మీద ఫిర్యాదులను విచారించే పద్ధతి అక్కడ 1902 చట్టంతో మొదలైన పర్యవేక్షణలో భాగంగా చాలాకాలం నడిచింది. మోర్‌కంబ్ బే ఆసుపత్రుల్లో తల్లులూ బిడ్డలూ చనిపోయిన ఘటనల మీద 2015లో నివేదిక వచ్చి, తోటివారే తోటివారిని విచారించడంలో ఉన్న లోపం బయటపడ్డాక, 2017 మార్చి ఆఖరుతో ఆ చట్టబద్ధ పర్యవేక్షణను రద్దు చేశారు. మన నైతిక విచారణ నిబంధనలు రాసేటప్పుడు, చేయి పట్టి నేర్పేవారినీ తప్పు తేల్చేవారినీ వేరు వేరుగా ఉంచు. ప్రతి విచారణ ఫారంలోనూ, ఆ పూట వార్డులో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు ఉన్నారో రాసే గడి పెట్టించు. ఆ గడి లేని విచారణలో వ్యవస్థ లోపం ఎప్పటికీ కనిపించదు.

రాత పనిలో నాకు పనికొచ్చిన కొన్ని అలవాట్లు త్వరగా చెప్పేస్తాను. “తగిన”, “అవసరమైన మేరకు” అన్న మాటలు వచ్చిన ప్రతి చోటా ఆగి, ఎవరు తేల్చాలో రాయి. “చేయవచ్చు”, “చేయాలి” అన్న రెండింటి మధ్య తేడా మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడి ఉంటుంది. ఏ తేదీ నుంచి అమలో, ఇప్పటికే రెండో ఏడాదిలో ఉన్న పిల్లలకు పాతదో కొత్తదో తప్పక రాయి. అలా రాయని చోట్లే పిల్లలు కోర్టుల చుట్టూ తిరిగారు. అధికారుల ముందు పెట్టే నోట్‌లో ఉన్నదాన్ని అలాగే ఉంచితే ఏమవుతుందన్న మార్గాన్ని కూడా నిజాయితీగా వివరించు. నీ సలహాను కాదని వేరే నిర్ణయం తీసుకుంటే బాధపడు కానీ, నీ నోట్ మాత్రం ఫైలులో ఉండేలా చూడు. నాలుగేళ్ల తరువాత కొత్తగా వచ్చిన అధికారి దాన్ని తీసి చదివిన సందర్భాలు నాకు తెలుసు.

ముసాయిదా మొదలుపెట్టే ముందు ఒక రోజంతా రిజిస్ట్రేషన్ కౌంటర్ వెనక కూర్చో. రాష్ట్రం మారి ఎన్‌ఓసీ కోసం వచ్చే అమ్మాయిని, విదేశానికి వెరిఫికేషన్ పంపమని అడిగే అమ్మాయిని చూడు. రాత్రి బస్సెక్కి వచ్చి, ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లన్నీ పెట్టుకుని, పదో తరగతి మెమోలో ఇంటి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నందుకు మళ్లీ రమ్మంటే మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగే మనిషిని ఒక్కసారైనా దగ్గరగా చూడు. దేశమంతటికీ ఒకే రిజిస్టరు అన్న చట్టంలోని మాట ఆమె దాకా చేరాలంటే ఏయే కాగితాలు అడగడం మానేయాలో ఆ రోజే రాసుకో. నాకు పంపవలసిన మొదటి ముసాయిదా అదే కావాలి.

నేను పెన్సిలుతో గీతలు గీసుకున్న 1947 చట్టం ప్రతిని ఈ ఉత్తరంతో పాటు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అంచుల్లో నేను రాసుకున్న ప్రశ్నల్లో కొన్నింటికి కొత్త చట్టంలో జవాబు దొరికింది, వాటి పక్కన గుర్తు పెట్టాను. మిగిలినవి నీకు వదిలేస్తున్నాను. కళ్ల ఆపరేషన్ అయినా చదవడం బాగానే సాగుతోంది, నువ్వు పంపేది పెద్ద అక్షరాల్లో పంపితే చాలు.

ఆశీస్సులతో,
నీ టీచరమ్మ